నోరు తెరిచి చూశారా?

పోయిన నెల పడక పుళ్ల గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నోటి గురించే ఉన్నాయి. ఆశ్చర్యం అనిపించలేదు. వీపు మీద పుండు పడినా, నోట్లో పుండు పడినా మంచం మీదున్న మనిషి తనంతట తాను చెప్పలేడు. పక్కనున్నవాళ్లు చూస్తేనే బయటపడుతుంది. 34 ఏళ్లు వార్డుల్లో, ఐసీయూల్లో పనిచేసి రిటైరైన నర్సుని నేను. ఈ నెల జవాబులన్నీ నోటి గురించే.

ప్రశ్న: సిస్టర్ గారూ, మా నాన్నగారికి పక్షవాతం వచ్చి పదకొండు రోజులైంది. మింగలేకపోతున్నారని ముక్కులోంచి ట్యూబు వేసి ద్రవాహారం ఇస్తున్నారు. దగ్గరికి వంగితే నోటి వాసన భరించలేకపోతున్నాం. పెదవులు పగిలిపోయాయి. బ్రష్ చేద్దామంటే మా పెద్దమ్మ, "నోటితో ఏమీ తినడం లేదు కదా, పళ్లు తోమడం దేనికి? ఉన్న బాధ చాలదా?" అంటోంది. నిజంగా అవసరమా?

జవాబు: మామూలు మనిషికంటే ఎక్కువ అవసరం తల్లీ. మీ పెద్దమ్మగారి మాట నేను వార్డులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నోటిని శుభ్రంగా ఉంచేది బ్రష్ ఒక్కటే కాదు. నమలడం, మింగడం, మాట్లాడటం, ఉమ్మి ఊరడం, ఇవన్నీ రోజంతా నోటిని కడుగుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నమలడం ఆగిపోతే ఆ ఊట తగ్గిపోతుంది. మీ నాన్నగారు నోరు తెరుచుకుని ఊపిరి తీస్తూ ఉండొచ్చు. ఆక్సిజన్ పెట్టి ఉంటే ఆ గాలి ఇంకా ఆరబెడుతుంది. నోరు ఎండబెట్టే మందులు కూడా చాలా ఉన్నాయి. అంటే కడిగే నీరు ఆగిపోయింది, పేరుకునేది మాత్రం పేరుకుంటూనే ఉంది. మీకు వస్తున్న వాసన దానిదే.

వాసన ఒక్కటే అయితే నేను ఇంత గట్టిగా చెప్పను. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో చేరినవాళ్ల నోట్లో రెండు రోజుల్లోనే సూక్ష్మజీవుల రకాలు మారడం మొదలవుతుంది. మామూలుగా ఉండేవి వెనక్కి తగ్గి, న్యుమోనియా తెచ్చే రకాలు పళ్ల మీది పాచిలో కాపురం పెడతాయి. నిద్రలో కాస్త ఉమ్మి శ్వాసనాళంలోకి జారడం ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి జరిగేదే. మనకైతే దగ్గు వస్తుంది, బయటికి పోతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకి ఆ దగ్గు మందగిస్తుంది. కొందరికి పొలమారిన సంగతి కూడా తెలియదు. చప్పుడు లేకుండా నోట్లోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగు రోజుల తర్వాత జ్వరం వస్తే, "ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ అంటుకుంది" అనుకుంటాం. అది ఆయన నోట్లోంచే దిగి ఉండొచ్చని ఎవరికీ తోచదు.

జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లపాటు దీన్ని పరీక్షించి చూశారు. కొంతమందికి ప్రతి భోజనం తర్వాత సంరక్షకులే పళ్లు తోమేవారు, అవసరమైనవాళ్లని దంతవైద్యులు వారానికోసారి చూసేవారు. మిగతావాళ్లని ఎప్పటిలాగే వదిలేశారు. 1999లో ఫలితాలు వచ్చాయి. వదిలేసినవాళ్లలో నూటికి 19 మందికి న్యుమోనియా వచ్చింది, తోమినవాళ్లలో 11 మందికే. కొత్త మందు లేదు, మిషను లేదు. తేడా అంతా బ్రష్‌దీ, దాన్ని పట్టుకున్న చేతులదీ.

నాకు ఇది చదువులో అబ్బలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మీ నాన్నగారిలాగే ట్యూబు మీద ఉన్న ఒకాయన నా వార్డులో ఉండేవారు. నాలుగు రోజులు వరసగా నా డ్యూటీలో ఆయన బీపీ, జ్వరం, ఎంత ఇచ్చాం, ఎంత మూత్రం వచ్చింది, అన్నీ తప్పుల్లేకుండా రాశాను. నోరు తెరిచి చూడలేదు. ఐదో రోజు మా సీనియర్ సిస్టర్ టార్చి తెచ్చి, ఆయన గడ్డం మెల్లగా కిందికి దించి, "ఇలా రా, చూడు" అంది. అంగిలి గోధుమ రంగులో, ఎండిన చెట్టు బెరడులా ఉంది. ఆయన అంగిలే అంత అనుకున్నాను. కాదు, అది ఎండిపోయిన కఫం, ఉమ్మి, చచ్చిన చర్మం కలిసి కట్టిన పెంకు. నేను గాజ్ గుడ్డతో లాగబోతే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "లాగితే రక్తం వస్తుంది. తడిపి వదిలెయ్యి. గంటాగి మళ్లీ తడుపు." ఆ రోజంతా అదే పని చేశాం. సాయంత్రానికి పెంకు అంచులు లేచి, ఒక్క ముక్కగా ఊడి నా వేలి మీదికి వచ్చింది. కింద అంగిలి లేత ఎరుపులో, పసిపిల్లల అంగిలిలా ఉంది. ఆయన నాలుక పైకెత్తి అక్కడ రాసి రాసి చూసుకున్నారు. కేస్ షీటులో ఆయనకి మాట లేదని రాసి ఉంది. ఆ రాత్రి ముద్దగానే అయినా, అర్థమయ్యేట్టు "నీళ్లు" అన్నారు. ఆయన మాటకి ఎంతవరకు పక్షవాతం అడ్డుపడిందో, ఎంతవరకు ఆ పెంకు అడ్డుపడిందో నేను చెప్పలేను. కానీ ఆ నాలుగు రోజులూ నేను చూడలేదన్నది నిజం. ఆ తర్వాత నోట్లోకి టార్చి వెయ్యకుండా నేను ఏ డ్యూటీ మొదలుపెట్టలేదు.

ఇక మీరు చెయ్యాల్సింది. మొదటిసారి మీరొక్కరే చెయ్యకండి, డ్యూటీ నర్సుని పక్కన ఉండమనండి. మింగలేని మనిషి నోట్లో నీళ్లు నిలవకూడదు, అది అన్నిటికంటే ముఖ్యం. తల వైపు మంచం ఎత్తించండి. కూర్చోలేకపోతే ఒక పక్కకి తిప్పి, బుగ్గ కింద తువ్వాలు, కిడ్నీ ట్రే పెట్టండి. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, ఏం చెయ్యబోతున్నారో ఆయనకి చెప్పండి. మాట్లాడకపోయినా వినిపిస్తూ ఉండొచ్చు. చిన్నపిల్లల సైజు మెత్తటి బ్రష్ తీసుకుని నీళ్లలో ముంచి బాగా విదిలించండి. తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. పేస్టు కందిగింజంత చాలు, ఎక్కువైతే నురగ గొంతులోకి పోతుంది. సక్షన్ (నోట్లోని తడిని లాగే మిషను) ఉంటే నర్సు పక్కనుండి నురగ లాగేస్తుంది, లేకపోతే తడి గాజ్‌తో వెంటవెంటనే తుడిచెయ్యాలి. చిగురూ పన్నూ కలిసేచోట బ్రష్ కదలాలి, పాచి ఉండేది అక్కడే. చచ్చుబడ్డ వైపు బుగ్గ లోపల తప్పకుండా చూడండి. ఆ వైపు స్పర్శ తెలియకపోవచ్చు, అప్పుడు ఏది ఇరుక్కున్నా ఆయనకి తెలియదు. నాలుకని ముందుభాగం వరకే తుడవండి, మరీ లోపలికి వెళితే వాంతి వస్తుంది.

బ్రష్ రోజుకి రెండుసార్లు చాలు. మధ్యలో రెండు మూడు గంటలకోసారి తడి గాజ్‌తో నోరు తడపండి. పెదవులకి నీటితో చేసిన జెల్ రాయండి. ఆక్సిజన్ పెట్టి ఉంటే పెట్రోలియం జెల్లీ వద్దు, ఆక్సిజన్ దగ్గర అలాంటి జిడ్డు పదార్థాలకి నిప్పు భయం ఉంటుంది. మీ పెద్దమ్మగారిని కూడా పక్కన నిలబెట్టుకుని చెయ్యండి. ఒకసారి చూస్తే ఆవిడే రెండో పూట గుర్తుచేస్తారు.

ప్రశ్న: అక్కా, నేను స్టాఫ్ నర్సుగా చేరి ఏడాదైంది, ఐసీయూలో చేస్తున్నాను. మందులు, ఇన్‌ఫ్యూజన్లు, శాంపిల్సు, ఎమర్జెన్సీలు, వీటన్నిటి మధ్యలో మౌత్ కేర్ చివరికి మిగిలిపోతోంది. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో ఒకసారి తుడిచేసి టిక్ పెట్టేస్తున్నాం. కొత్తగా వచ్చిన డాక్టర్ గారు అది వద్దు, బ్రష్ చెయ్యండి అంటున్నారు. సీనియర్లు ఎప్పటినుంచో చేస్తున్నదే చెయ్యమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది కరెక్టు?

జవాబు: మీ డాక్టర్ గారి మాట ఇప్పటి పద్ధతికి దగ్గరగా ఉంది. సీనియర్లని తప్పుపట్టకమ్మా. నేనూ ఏళ్ల తరబడి క్లోర్‌హెక్సిడిన్ వాడాను, అప్పట్లో అదే సరైన పద్ధతి అని మాకు నేర్పారు. అంతకుముందు నిమ్మ, గ్లిజరిన్ కలిపిన స్వాబ్‌లు ఉండేవి. అవి నోటిని ఇంకా ఎండబెడతాయని, పులుపు పంటి పింగాణీని తినేస్తుందని తెలిసి మానేశాం. ఇదీ అలాంటిదే. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో క్లోర్‌హెక్సిడిన్ వల్ల లాభం అనుకున్నంత లేదని, మరణాలు పెరిగే అవకాశాన్ని కొట్టిపారేయలేమని తేలడంతో, 2022లో అమెరికా నిపుణుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని పక్కనపెట్టి, బ్రష్ చెయ్యడాన్ని తప్పనిసరి పనుల్లో చేర్చారు. 2024లో 15 ట్రయల్స్‌ని, 2,786 మంది రోగుల వివరాల్ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. రోజూ బ్రష్ చేసినవాళ్లలో ఆసుపత్రి న్యుమోనియా దాదాపు మూడోవంతు తగ్గింది. ఐసీయూలో మరణాలు కూడా తగ్గాయి. ఈ లాభం స్పష్టంగా కనిపించింది వెంటిలేటర్ మీదున్నవాళ్లలోనే, అంటే నీ రోగుల్లోనే. రోజుకి రెండుసార్లు చేసినా మూడుసార్లు చేసినా ఫలితంలో పెద్ద తేడా లేదు. ఈ చివరి ముక్క నీకు ఊరటనివ్వాలి. అడుగుతున్నది పన్నెండు గంటల డ్యూటీలో ఒక్కసారి.

పాచి అనేది పంటికి అంటుకున్న జిగురు పొర. మందు పైనుంచి పోతుంది, జిగురు అలాగే ఉంటుంది. గీకితేనే పోతుంది. మీ యూనిట్ ప్రోటోకాల్ మార్చే అధికారం నీకు లేదు, అది నాకు తెలుసు. కానీ ప్రోటోకాల్‌లో క్లోర్‌హెక్సిడిన్ ఉన్నా బ్రష్ చెయ్యొద్దని ఎవరూ రాయరు. డాక్టర్ గారినీ, ఇన్‌ఛార్జి సిస్టర్‌నీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించు. ఇద్దరి మధ్యా నువ్వు నలిగిపోనక్కర్లేదు.

చేసేటప్పుడు ఒక్కదానివే చెయ్యకు. ముందు పెదవి దగ్గర శ్వాస ట్యూబు మీది సెంటీమీటర్ అంకె చూసుకో, అయ్యాక మళ్లీ చూడు. కఫ్ (ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బి ఉండే బుడగ) ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉందో లేదో చూశాకే నోట్లో చెయ్యి పెట్టు. తక్కువైతే నోట్లోది పక్కలనుంచి కిందికి జారుతుంది. ఒకరు ట్యూబు పట్టుకోవాలి, ఒకరు బ్రష్, సక్షన్ చూసుకోవాలి. పనిలో పనిగా ట్యూబుని రెండో పక్కకి మార్చి, అప్పటిదాకా ఆనుకుని ఉన్న పెదవి మూల చూడు. అక్కడ పడిన పుండు బయటికి కనిపించదు, టేపు కప్పేస్తుంది.

ఇక టైము సంగతి. మీరు బద్ధకంతో మానేస్తున్నారని నేను అనుకోవడం లేదు. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒకరి నెత్తిన పెడితే, ఆలస్యం చేసినా అప్పటికప్పుడు అలారం మోగని పని వెనక్కిపోతుంది. మూత్రం తగ్గితే గంటలో తెలుస్తుంది, నోరు పాడైతే వారానికి తెలుస్తుంది. మన చార్టు చూడు. గంటగంటకీ మూత్రానికి గడి ఉంటుంది, పల్స్‌కి గడి ఉంటుంది, చాలా చోట్ల నోటికి ఉండదు. గడి లేని పనికి హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు చేసే అప్పగింతలో, నోరుండదు. నేను ఇన్‌ఛార్జిగా ఉన్నప్పుడు చార్టులో చేత్తో ఒక గడి గీయించాను. టిక్ పెట్టొద్దన్నాను. "తడి", "పొడి", "పుండు", "తెల్ల మచ్చ", "రక్తం", వీటిలో ఏది కనిపిస్తే అది రాయమన్నాను. టిక్ చూడకుండా కూడా పెట్టొచ్చు, ఈ మాట రాయాలంటే నోరు తెరవాలి. ఇంకొకటి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు కదా, ఆ చేత్తోనే నోరు తెరిచి చూసి తడిపెయ్యండి. వేరే టైము వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, నా భార్యకి కీమో రెండో సైకిల్ అయి వారం దాటింది. నోరంతా పుళ్లు. బ్రష్ పెడితే ఏడుస్తోంది. మాట్లాడటం కూడా మానేసింది, సైగలే చేస్తోంది. మౌత్ వాష్ కొనిచ్చాను, మంట అని పారేసింది. బ్రష్ మాన్పించమంటారా?

జవాబు: సైగలు చేస్తోందన్న మాట దగ్గర ఆగిపోయాను బాబూ. ఆ నొప్పి అంత ఉంటుంది. ముందు ఆ నొప్పి సంగతి డాక్టర్‌కి చెప్పండి. కీమో తర్వాత ఐదు నుంచి పది రోజుల మధ్య ఈ పుళ్లు మొదలవుతాయి, చాలామందికి రెండు మూడు వారాల్లో మానతాయి. అప్పటిదాకా ఓర్చుకోమనడం అన్యాయం. పూతగా, పుక్కిలించేందుకు నొప్పి మందులున్నాయి, అవి వాడి కాసేపాగి బ్రష్ చేస్తే ఏడవాల్సిన పని ఉండదు.

ఆవిడ దాన్ని పారెయ్యడం మంచిదే అయింది. మంట పుట్టించే మౌత్ వాష్‌లలో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, పుళ్ల మీద అది వద్దు. పావు లీటరు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా వంట సోడా, అందులో సగం ఉప్పు కలిపి మూడు గంటలకోసారి మెల్లగా పుక్కిలించి ఉమ్మించండి. బ్రష్ మాన్పించకండి, మార్చండి. అన్నిటికంటే మెత్తటిది కొని, వాడేముందు గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే కుచ్చు ఇంకా మెత్తబడుతుంది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి, చిగుళ్లలోంచి రక్తం ఆగకుండా వస్తుంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే బ్రష్ పెట్టండి. అప్పటిదాకా తడి గాజ్ చాలు.

కొన్ని కీమో మందులు ఎక్కించేటప్పుడు అరగంటసేపు ఐసు ముక్కలు చప్పరిస్తే పుళ్లు తగ్గుతాయి. ఫ్లోరోయురసిల్ ఒక్కసారిగా ఇంజెక్షన్‌లా ఇచ్చేటప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. కానీ ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఇస్తున్నవాళ్లకి చల్లదనమే పడదు, కాబట్టి వచ్చే సైకిల్‌కి ముందు మీ డాక్టర్‌ని అడగండి, మీ అంతట మీరు మొదలుపెట్టకండి. నోట్లో తెల్లటి పొర కనబడి, తుడిస్తే కింద ఎర్రగా ఉంటే అది ఫంగస్ కావొచ్చు, దానికి వేరే మందు కావాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) దాటితే రాత్రి రెండు గంటలైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకి మతిమరుపు జబ్బు. తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. బ్రష్ పెట్టబోతే నోరు బిగించేస్తుంది, నిన్న బ్రష్‌ని కొరికి పట్టుకుంది. ఇద్దరం చేతులు పట్టుకుని చెయ్యాల్సి వస్తోంది. ఏం చెయ్యాలి?

జవాబు: చేతులు పట్టుకోవడం ఈరోజే మానెయ్యండమ్మా. ఆవిడకి అది బ్రష్ అని తెలియకపోవచ్చు, ఎవరో మీద పడుతున్నారని మాత్రం తెలుస్తుంది. రేపు మిమ్మల్ని చూడగానే నోరు బిగుస్తుంది.

ముందు నోట్లో నొప్పి ఉందేమో చూడాలి. విరిగిన పన్ను, చిగుళ్ల వాపు, పుండు ఉంటే ఆవిడ చెప్పలేదు, నోరు మూసుకోవడమే ఆవిడ చెప్పడం. అవేవీ లేకపోతే, తల పైన నిలబడకుండా ఎదురుగా, కళ్లకి కళ్లు కలిసే ఎత్తులో కూర్చోండి. బ్రష్ ఆవిడ చేతికే ఇచ్చి, ఆ చేతి మీద మీ చెయ్యి వేసి నోటి దాకా తీసుకెళ్లండి. చెయ్యి కదిలితే పాత అలవాటు చాలామందిలో తిరిగొస్తుంది, మనసు మర్చిపోయింది చెయ్యి మర్చిపోదు. ఇంట్లో వాడే బ్రష్, పేస్టే తెప్పించండి. కొరికి పట్టుకుంటే లాగొద్దు, పళ్ల మధ్య వేలు పెట్టొద్దు. ఆగి, దవడ మెల్లగా నిమరండి, వదిలేస్తుంది. ఈ పూట కింది పళ్లే అయితే కింది పళ్లే. పై పళ్లు సాయంత్రం.

ప్రశ్న: రేపు ఉదయం ఆపరేషన్. రాత్రినుంచి నీళ్లు కూడా తాగొద్దన్నారు. పళ్లు తోముకోవచ్చా?

జవాబు: తోముకోండి, పుక్కిలించి మొత్తం ఉమ్మెయ్యండి, మింగకండి. కదిలే పన్ను, క్యాప్ వేసిన పన్ను ఉంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. గొంతులోకి ట్యూబు వేసేటప్పుడు అది వాళ్లకి తెలిసి ఉండాలి.

ప్రశ్న: అమ్మా, మా అత్తగారికి కట్టుడు పళ్లు. ఆసుపత్రిలో పోతాయేమోనని రాత్రీ పగలూ పెట్టుకునే ఉంటోంది, తియ్యనివ్వడం లేదు. ఫరవాలేదా?

జవాబు: రాత్రి తియ్యాలి. జపాన్‌లోనే 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లు గమనించారు. కట్టుడు పళ్లతోనే నిద్రపోయేవాళ్లకి న్యుమోనియా ముప్పు రెట్టింపుకి పైగా కనిపించింది. పళ్ల సెట్టు కింద చిగురుకి గాలి తగలదు, ఉమ్మి చేరదు, ఫంగస్ పెరుగుతుంది. తీశాక అంగిలి ఒకసారి చూడండి. సెట్టు ఎంతవరకు ఆనుకుంటుందో అంతవరకే గీత గీసినట్టు ఎర్రబడి ఉంటే డాక్టర్‌కి చూపించాలి.

కానీ ఆవిడ భయం ఉత్తదేం కాదు. నా సర్వీసులో పళ్ల సెట్లు దుప్పట్లలో చుట్టుకుని లాండ్రీకి పోయాయి, గాజ్ గుడ్డలో పెట్టినవి చెత్తబుట్టలో పడ్డాయి. పళ్లు పోయిన ముసలావిడ సరిగ్గా తినలేదు, మనుషుల ముందు నోరు విప్పదు, డిశ్చార్జి అయ్యాక కూడా నెలల తరబడి ఆ బాధ ఉంటుంది. అందుకని ఆవిడ కళ్లముందే ఒక పని చెయ్యండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. కింద గిన్నెలో నీళ్లు పెట్టుకుని, జారిపడినా పగలకుండా దాని మీదే సెట్టుని బ్రష్‌తో కడగండి. వేడి నీళ్లు వద్దు, ఆకారం వంగిపోతుంది. మామూలు నీళ్లలో మునిగేలా డబ్బాలో వేసి మూత పెట్టి, ఆవిడ చెయ్యి చాస్తే అందేచోట ఉంచండి. ఉదయం లేవగానే మళ్లీ కడిగి మీరే తొడగండి. డబ్బా మీద చెరగని పెన్నుతో ఆవిడ పూర్తి పేరు రాయండి. బెడ్ నంబరు రాయకండి, బెడ్‌లు మారుతుంటాయి.